కూసిందల్లా బంగారం కాదు



పోయిన కార్తీకంలో చుట్టాలందరం కలిసి, ఓ ముప్పై మందిమి, వనభోజనాలకి వెళ్ళాం. కాకినాడ నుంచి మెట్ట వైపు వెళ్తే వచ్చే ఒక మామిడితోట. ఉసిరిచెట్టు కింద పూజ అయింది, విస్తళ్ళు లేచాయి, పిల్లలు చెమటలు కక్కేదాకా కబడ్డీ ఆడారు. సాయంత్రం బండెక్కబోతూ మా అక్క తన చెయ్యి చూసుకుని ఆగిపోయింది. వేలికి ఉంగరం లేదు. పెళ్ళయిన కొత్తలో మా బావగారు చేయించింది. ముప్పావు కాసు కూడా ఉండదు. బావగారు పోయి నాలుగేళ్ళయింది కాబట్టి దాని విలువ కాసుల్లో లెక్క కట్టేది కాదు.

చీకటి పడేదాకా వెతికాం, దొరకలేదు. మర్నాడు పొద్దున్నే నేనొక్కణ్ణే మెటల్ డిటెక్టర్ పట్టుకుని తోటకి వెళ్ళాను. మా వీధిలో ఒకాయన మేనల్లుడు విదేశం నుంచి వస్తూ తెచ్చుకున్న యంత్రం అది. కొన్నాళ్ళు విశాఖ బీచ్‌లో తిప్పి, మోజు తీరాక అటకెక్కించాడు. ఆరు వేలకి ఇస్తానంటే కొన్నాను. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. విద్యుదయస్కాంత ప్రేరణ అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. దాంతో నడిచే యంత్రం ఒకటి ఇంట్లో ఉండాలనిపించింది, అంతే.

తోటలో స్విచ్ వేశాను. ఇక మొదలుపెట్టింది చూడండి! కీచుమంటుంది, గరగరమంటుంది, ఒక్క క్షణం ఆగి మళ్ళీ కీచుమంటుంది. అడుగుకో కూత. తోట కాపలా మనిషి గునపంతో నా వెనకే. "ఇక్కడేదో ఉందండి మాస్టారూ" అనడం, తవ్వడం. మధ్యాహ్నానికి పదకొండు గోతులయ్యాయి. వాటిలో దొరికినవి రెండు సోడా మూతలు, ఒక తుప్పు మేకు, ఒక గుట్కా పొట్లం. మిగిలిన ఏడు గోతుల్లో మట్టి తప్ప ఏమీ లేదు. ఆ ఖాళీ గోతులు చూసి ఆ మనిషి నీరుగారిపోతాడనుకున్నాను. అతనేమో నా దగ్గరికి వచ్చి, గొంతు బాగా తగ్గించి, "ఇంకా లోతుగా ఉన్నాయేమోనండి... లంకెబిందెలు" అన్నాడు.

యంత్రం కట్టేసి ఇంటికి వచ్చేశాను. ఆ రాత్రి దాన్ని పెరట్లో పెట్టుకుని కూర్చుంటే నాకు తెలిసివచ్చిన సంగతులే ఇవాళ మీతో చెబుతున్నాను. పాత డిటెక్టర్ కొన్నవాళ్ళకీ, కొనాలనుకుంటున్నవాళ్ళకీ పనికొస్తాయి.

ముందు ఇది ఎలా కూస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను. కర్ర చివర పళ్ళెంలాంటిది ఉంటుంది. దాన్ని కాయిల్ అంటారు. దాని లోపల రెండు తీగచుట్టలు. ఒకటి పంపేది, రెండోది వినేది. పంపే చుట్టలో కరెంటు సెకనుకి కొన్ని వేల సార్లు అటూ ఇటూ మారుతూ ఉంటుంది. మామూలుగా దొరికే యంత్రాలు చాలావరకు 5 నుంచి 20 కిలోహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. ఈ రెండు చుట్టల్నీ ఎంత కొలతగా అమరుస్తారంటే, పంపేదాని గోల వినేదానికి దాదాపు తగలదు. కంసాలి త్రాసులో ముల్లు సరిగ్గా నడిమిన నిలబడినట్టన్న మాట. కాయిల్ కిందికి లోహం వస్తే, ఆ లోహంలో చిన్నచిన్న సుడి ప్రవాహాలు పుడతాయి. వాటి అయస్కాంత క్షేత్రం వినే చుట్టకి తగులుతుంది. ముల్లు ఒరుగుతుంది, యంత్రం కూస్తుంది.

అయితే కంసాలి త్రాసుని బంగారం ఒక్కటే కదపదు కదా. కిటికీలోంచి గాలి కొట్టినా ముల్లు కదులుతుంది. పళ్ళెంలో ఇసుక రేణువు పడినా కదులుతుంది. బల్లకి కాలు తగిలినా కదులుతుంది. అందుకే కంసాలి ఫ్యాను ఆపుతాడు, పళ్ళెం తుడుస్తాడు, అప్పుడు గానీ తూచడు. డిటెక్టర్ అబద్ధపు కూతలు కూడా ఈ మూడు రకాలే. గాలిలోంచి వచ్చేవి, యంత్రంలోనే పుట్టేవి, నేలలోంచి వచ్చేవి. ఏ రకమో తేల్చుకోకుండా గునపం ఎత్తితే నాలాగే పదకొండు గోతులు తవ్వుకోవాలి.

ఇది నా ఒక్కడికే జరిగిన అవమానం కాదులెండి. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్‌కీ జరిగింది. 1881 జూలై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో తూటా ఎక్కడుందో వైద్యులకి అంతుబట్టలేదు. ఎక్స్‌రే ఇంకా పుట్టని కాలం. బెల్ ఇదే తీగచుట్టల త్రాసు తయారుచేసి, దానికి టెలిఫోన్ రిసీవర్ తగిలించి, చెవికి ఆనించుకుని విన్నాడు. మొదటిసారి రిసీవర్లో ఒకటే చిటపటలు. కండెన్సర్‌ని తప్పుగా కలిపారని తర్వాత తేలింది. యంత్రం లోపలి తప్పన్న మాట. ఆగస్టు 1న మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి సన్నటి ధ్వని వినిపించింది గానీ, ఒక్క చోట కాదు, ఒంటి మీద చాలామేర వినిపించింది. ఆరా తీస్తే పడక కింద ఉక్కు తీగలతో చేసిన పరుపు ఉందని తెలిసింది. ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో అలాంటివి లేవు, ఉంటుందని ఎవరూ అనుకోలేదు. పైగా వైద్యం చూస్తున్న డాక్టర్ బ్లిస్, తూటా కుడివైపే ఉందని పట్టుబట్టి కుడివైపే వెతకనిచ్చాడు. సెప్టెంబర్ 19న గార్ఫీల్డ్ కన్నుమూశాక శవపరీక్షలో చూస్తే తూటా ఎడమవైపున ఉంది.

పరుపు సంగతి తెలియకపోవడం ఒక లోపం. తూటా ఎక్కడుండాలో ముందే నిశ్చయించుకోవడం ఇంకో లోపం. మా కాపలా మనిషి లంకెబిందెల మాట అన్నప్పుడు నాకు డాక్టర్ బ్లిస్ గుర్తొచ్చాడు.

సరే, ఇక పెరట్లోకి వద్దాం. ఒక సూత్రం పెట్టుకోండి. ఒకసారికి ఒకటే మార్చాలి. బ్యాటరీలూ కొత్తవి వేసి, తీగా బిగించి, సెట్టింగూ తగ్గించారనుకోండి, కూత ఆగితే ఏది ఆపిందో ఎప్పటికీ తెలియదు.

మొదటి పని, యంత్రాన్ని కంపెనీ నుంచి వచ్చినప్పటి సెట్టింగులకి తీసుకురావడం. సెకండ్ హ్యాండ్ యంత్రంతో పాటు పాత యజమాని అలవాట్లు కూడా మన ఇంటికి వస్తాయి. ఆ కుర్రాడు సెన్సిటివిటీని చివరికంటా పెంచి ఉంచాడు. ఎంత ఎక్కువ పెడితే అంత లోతుకి చూస్తుందని అందరూ అనుకుంటారు. చెవుడున్న తాతగారికి వినికిడి యంత్రం మోత చివరిదాకా తిప్పి పెళ్ళిపందిట్లో కూర్చోబెడితే ఏమవుతుంది? మనవడి పలకరింపు కన్నా సన్నాయి, డోలు, గిన్నెల చప్పుడు ముందు వినబడతాయి. ఇదీ అంతే. సగానికి తగ్గించి మొదలుపెట్టండి.

రెండోది బ్యాటరీలు. అన్నీ ఒకేసారి కొన్నవి, ఒకే రకం వేయాలి. బ్యాటరీ గది మూత తీసి స్ప్రింగుల్ని చూడండి. అటక మీద పడున్న యంత్రంలో బ్యాటరీ కారి, తెల్లగానో పచ్చగానో పొక్కు కట్టి ఉంటుంది. మా దాంట్లో ఒక స్ప్రింగుకి ఉప్పు పేరినట్టుంది. దూదిని నిమ్మరసంలో ముంచి తుడిచి, తర్వాత తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పెన్సిల్ చెరిపే రబ్బరుతో మెరిసేదాకా రుద్దాను. యంత్రం కదిలినప్పుడల్లా కరెంటు తెగి కలుస్తుంటే కూతలు రావడంలో వింతేముంది?

మూడోది గాలి పరీక్ష. ఇంట్లో చేయకండి. మన గచ్చు కిందా, స్లాబులోనూ ఇనుప ఊచలుంటాయి. బెల్‌గారి పరుపు లాంటివే. ఆరుబయటికి వచ్చి, కాయిల్‌ని నడుమెత్తులో గాలిలో పట్టుకుని కదలకుండా నిలబడండి. కదపకపోయినా కూస్తోందంటే, తీగలు, బ్యాటరీలు సరిగ్గానే ఉంటే, ఆ గోల గాలిలోంచి వస్తున్నట్టే. కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్, ఎల్‌ఈడీ బల్బు, మోటారు స్టార్టర్, పక్కన ఇంకో డిటెక్టర్, అన్నిటి కన్నా ముందు మన జేబులో సెల్‌ఫోన్. పొలాల చుట్టూ పందులు రాకుండా కట్టే సోలార్ కంచె అయితే గడియారంలా ఒక వరసలో టక్... టక్... టక్ అనిపిస్తుంది. అంత తాళంగా కూసేది ఏదీ నేలలో ఉండదు.

ఇక్కడ మీ చేతిలో ఉన్న రేడియోనే మంచి పరికరం. మీడియం వేవ్ ఉన్న సెట్టయితే, ఈ ప్రసంగం అయ్యాక స్టేషన్ లేని చోట ముల్లు పెట్టి ఇల్లంతా తిరిగి చూడండి. ఏ బల్బు దగ్గర గరగరమంటుందో, ఏ చార్జర్ దగ్గర బుస్సుమంటుందో వినబడుతుంది. డిటెక్టర్ వాడాలనుకున్న చోట కూడా అలాగే తిరిగి చూడండి. రేడియో గరగరలాడే చోట డిటెక్టర్‌కీ కుదురు ఉండదని చాలావరకు అనుకోవచ్చు. తర్వాత ఆ మామిడితోటకి రేడియో తీసుకెళ్ళి చూస్తే సంగతి బయటపడింది. మోటారు షెడ్డు మీదుగా కరెంటు లైను పోతోంది. దాని దరిదాపుల్లో రేడియో రొదపెట్టింది. నేను తవ్విన ఏడు ఖాళీ గోతుల్లో నాలుగు ఆ లైను కిందే ఉన్నాయి. ఇలాంటి చోట సెన్సిటివిటీ తగ్గించాలి. ఫ్రీక్వెన్సీ మార్చుకునే వీలున్న యంత్రమైతే మార్చాలి. కాయిల్‌ని కరెంటు తీగకి అడ్డంగా కాక వేరే దిక్కుకి తిప్పి చూసినా ఒక్కోసారి గోల తగ్గుతుంది.

నాలుగోది యంత్రం ఒళ్ళు. గోల లేని చోట, కాయిల్‌ని కదపకుండా పట్టుకుని, దాని తీగని కొసనుంచి కొసదాకా వేళ్ళతో మెల్లగా ఆడించండి. ఒక్కచోట కూసిందా, అక్కడ లోపల తీగ తెగిందన్న మాట. కర్ర వంచే చోటా, పెట్టెలో దూర్చే పిన్ను దగ్గరా ఇది ఎక్కువ. పిన్ను విప్పి మురికి తుడిచి, చేత్తోనే గట్టిగా బిగించండి. ఆ తీగ కర్రకి బిగువుగా చుట్టి ఉండాలి. వదులుగా ఉంటే ఊపు ఊపుకీ కాయిల్ ముందు అటూ ఇటూ ఆడుతుంది. అదీ రాగే కదా, యంత్రం దాన్నే పట్టుకుని కూస్తుంది. మా దాంట్లో తీగని పట్టి ఉంచే పట్టీ ఊడిపోయింది. మా ఆవిడ జడ రబ్బర్లు రెండు ఇస్తే వాటితో బిగించాను. లోహం లేనివి చూసి మరీ తీసుకున్నాను.

తర్వాత కాయిల్ మీద వేలితో తట్టండి, బాగా పండిన పుచ్చకాయ తట్టినట్టు. తట్టినప్పుడల్లా కూస్తే లోపల ఏదో వదులైందనో, పగిలిందనో అనుమానించాలి. పగులు సన్నగా ఉన్నా తడి గడ్డి మీద తిప్పితే నీరు లోపలికి పోతుంది. అలాంటి కాయిల్‌ని బాగుచేయడం కన్నా మార్చడమే మేలు.

కాయిల్ అడుగున ఒక ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. దాన్ని చాలామంది జన్మలో విప్పరు. నేను విప్పాను. గుప్పెడు ఇసుక రాలింది. నల్ల ఇసుక! ఒక అయస్కాంతం దగ్గర పెడితే కొన్ని రేణువులు చీమల్లా లేచి దానికి అంటుకున్నాయి. మన తీరం పొడుగునా ఇసుకలో మాగ్నటైట్, ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలున్నాయి. ఇనుము కలిసిన ఆ ఇసుకని విశాఖ బీచ్ నుంచి మోసుకొచ్చి, పళ్ళెంలోనే పెట్టుకుని నేను తూకం వేస్తున్నాను! కదిపినప్పుడల్లా తొడుగులో ఇసుక జరిగేది, ముల్లు ఒరిగేది. కడిగి ఆరబెట్టాక సగం కూతలు పోయాయి.

ఐదోది మనం. వాచీ, కడియం, తాళాలగుత్తి, బెల్టు బకిల్, ఇనుప ముక్కు ఉన్న బూట్లు. ఎప్పుడూ ఊపు చివరే, కాలి దగ్గరే కూస్తోందంటే నిధి మీ బూట్లోనే ఉంది.

ఇవన్నీ దాటాక మిగిలేది నేల. గాలిలో కుదురుగా ఉండి, నేల మీద ఊపగానే కూస్తే, అది మట్టి పని. మన మెట్ట ఎర్రమట్టికి ఆ రంగు ఇచ్చేది ఇనుప ఆక్సైడే. నేలలో ఇనుప ఖనిజం ఎక్కువయ్యేకొద్దీ యంత్రం మొత్తం నేలనే లోహం అనుకుంటుంది. దానికి గ్రౌండ్ బ్యాలెన్స్ అని ఒక సర్దుబాటు ఉంటుంది. లోహం లేని చోటు చూసుకుని, కాయిల్‌ని నేల మీదికి దించుతూ ఎత్తుతూ, కూత మారకుండా నిలిచేదాకా సర్దాలి. కంసాలి తూచబోయే ముందు ఖాళీ పళ్ళాలని సమం చేసుకున్నట్టు. మట్టి మారితే మళ్ళీ చేయాలి. సముద్రపు తడి ఇసుకకి ఇంకో చిక్కు ఉంది. ఉప్పునీరు తనే విద్యుత్తుని పోనిస్తుంది. బీచ్ మోడ్ ఉంటే వాడండి, లేకపోతే సెన్సిటివిటీ తగ్గించి పొడి ఇసుకలోనే వెతకండి.

ఊపే తీరు కూడా ముఖ్యమే. ఉయ్యాల ఊపినట్టు రెండు కొసల్లో కాయిల్ పైకి లేస్తే, నేల దూరమై దగ్గరై కూత వస్తుంది. వాకిలి ఊడ్చినట్టు నేలకి సమంగా, నిదానంగా తిప్పాలి.

అసలు కూతనీ అబద్ధపు కూతనీ విడదీసే గుర్తు ఒకటుంది. కూసిన చోటు మీదుగా అదే ఊపు మళ్ళీ ఊపండి. తర్వాత పక్కకి జరిగి, అడ్డంగా ఊపండి. తూర్పు పడమరలుగా ఊపినా, ఉత్తర దక్షిణాలుగా ఊపినా, అదే చోట అదే కూత వస్తే నమ్మండి. ఒకసారి కూసి మళ్ళీ కూయనిది చాలావరకు వట్టిదే. తుప్పు మేకు ఒక దిక్కున బంగారంలా పాడి, అడ్డంగా తిప్పగానే తడబడుతుంది. సోడా మూతలు మాత్రం మహా మాయగాళ్ళు.

యంత్రం మీద నింద వేసేముందు మన పరీక్ష సరైనదో కాదో కూడా చూసుకోవాలి. ఆ రాత్రి నేను పరీక్షకని రూపాయి బిళ్ళ పెట్టాను. యంత్రం దాన్ని ఇనుము అంది. నాకు ఒళ్ళు మండింది. కాసేపటికి బుద్ధి వచ్చి అయస్కాంతం పెడితే, బిళ్ళ టక్కున అంటుకుంది. మన స్టీలు రూపాయి నిజంగానే అయస్కాంతానికి అంటుకునే రకం. పచ్చటి ఐదు రూపాయల బిళ్ళ పెట్టాను. యంత్రం గొంతు మార్చి చక్కగా పలికింది. అంతవరకూ దాన్ని అబద్ధాలకోరు అన్నందుకు నాకే సిగ్గేసింది.

పాత యంత్రం కొనడానికి వెళ్ళేటప్పుడు జేబులో ఈ మూడూ ఉంచుకోండి: కొత్త బ్యాటరీలు, ఐదు రూపాయల బిళ్ళ, ఒక మేకు. బయటికి తీసుకొచ్చి గాలిలో పట్టుకోండి, తీగ ఆడించండి, కాయిల్ తట్టండి, తొడుగు విప్పి చూపించమనండి. ఐదు నిమిషాల పని.

ఒక్కోసారి ఒకరికి చికాకు పెట్టిన కూతే ఇంకొకరికి దారి చూపిస్తుంది. గెర్హార్డ్ ఫిషర్ అనే జర్మన్ ఇంజనీరు అమెరికాలో విమానాలకి రేడియోతో దిక్కు చూపే పరికరాల మీద పనిచేశాడు. కొన్ని చోట్ల అవి తప్పు దిక్కు చూపిస్తున్నాయి. నేలలో లోహమో ఖనిజమో ఉన్న చోట అలా జరుగుతోందని ఆయన గ్రహించాడు. ఆ తప్పునే పనిలో పెట్టి లోహాన్ని వెతికే యంత్రం చేశాడు. 1937లో దానికి పేటెంట్ వచ్చింది. మన చేతుల్లోని ఈ యంత్రాలకి ఆయనది పెద్దన్న వరస.

లంకెబిందెల సంగతి కూడా చెప్పి తీరాలి. గుప్తనిధుల పేరుతో పాత గుళ్ళు తవ్వేవాళ్ళ గురించి వింటూనే ఉన్నాం. నేలలో పాతిపెట్టినది ఏదైనా దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. ఆ పది రూపాయలు ఆ కాలపు లెక్క, చట్టం మాత్రం ఇప్పటికీ అమల్లో ఉంది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట్ల తవ్వడం నేరం. మీ సొంత తోటలో ఉంగరం వెతుక్కోవడం వేరు, అది వేరు.

మూడో రోజు మళ్ళీ తోటకి వెళ్ళాను. ఇసుక కడిగిన కాయిల్, జడ రబ్బర్లతో బిగించిన తీగ, సగానికి దించిన సెన్సిటివిటీ. ఫోను కారులో పెట్టాను. ముందు గోతులన్నీ పూడుద్దాం అన్నాను కాపలా మనిషితో. అతను పార పట్టుకున్నాడు. నాలుగో గోతి పక్కన పోసిన మట్టికుప్ప మీదుగా మామూలుగానే కాయిల్ తిప్పాను. సన్నగా ఒక కూత. మళ్ళీ తిప్పాను, మళ్ళీ అదే. అడ్డంగా తిప్పాను, అదే.

ఇద్దరం కూర్చుని చేత్తోనే మట్టి పక్కకి తీశాం. కుప్ప అడుగున, అసలు నేల మీద, ఎండు మామిడాకు కింద ఉంది అక్క ఉంగరం. ఏమీ లేని చోట కూత విని మేం తవ్విన మట్టిని, తెలియక ఆ ఉంగరం మీదే పోశాం. కాపలా మనిషి దాన్ని లుంగీ అంచుతో తుడిచి నా చేతిలో పెట్టి, "ఇంతేనా అండీ?" అన్నాడు. నేను అవునన్నాను. తర్వాత ఇద్దరం కలిసి మిగిలిన గోతులు పూడ్చాం.